న్యూజెర్సీకి కొత్తగా వచ్చినవారు ఆన్‌లైన్ పోకర్ ఆడే ముందు తెలుసుకోవలసినవి

ఎడిసన్‌లో గది దొరికి, ఫోనుకు సిమ్ వచ్చి, బ్యాంకు ఖాతా తెరుచుకున్న నెల తిరగకుండానే చాలామంది కుర్రవాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. టీవీలోనూ, హైవే పక్కన పెద్ద బోర్డుల మీదా క్యాసినో యాప్‌ల ప్రకటనలు బాహాటంగా కనిపిస్తున్నాయి కదా, డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో పేకాట ఆడటం ఇక్కడ నిజంగా చట్టబద్ధమేనా అని. తెలంగాణలో 2017 నుంచీ, ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచీ డబ్బుతో ఆడే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ నిషిద్ధం కాబట్టి, అక్కడి నుంచి నేరుగా వచ్చినవారికి ఆ సందేహం రావడం సహజమే. ఇక్కడ ఆడవచ్చు. అయితే ఆ ‘ఇక్కడ’ అనే మాటకు హద్దులు ఎక్కడున్నాయో తెలియకపోవడం వల్లే మనవాళ్లు చిక్కుల్లో పడుతున్నారు.

అమెరికాలో ఆన్‌లైన్ పోకర్‌కు దేశమంతటికీ వర్తించే అనుమతి లేదు. ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే చట్టం చేసుకోవాలి. మీ పాస్‌పోర్టు ఏ దేశానిది, డ్రైవింగ్ లైసెన్సు ఏ రాష్ట్రానిది, ఖాతా ఎక్కడ తెరిచారు అన్నవి ఆడే చోటును నిర్ణయించవు. ముక్కలు పంచే ఆ క్షణాన మీ ఫోను ఏ రాష్ట్రపు నేల మీద ఉన్నదన్నదే లెక్క. న్యూజెర్సీలో స్థిరనివాసం లేని పర్యాటకులు సైతం, ఇరవై ఒక్క ఏళ్లు నిండి, గుర్తింపు పరిశీలనలో నెగ్గి, శారీరకంగా రాష్ట్రం లోపల ఉంటే ఆడవచ్చు. ఇదే ఊళ్లో ఇరవై ఏళ్లుగా ఇల్లున్న పెద్దమనిషి వంతెన దాటి న్యూయార్క్‌లో అడుగుపెట్టాక ఆడటానికి వీల్లేదు.

ఈ సంగతి నాకు న్యూజెర్సీ, మాన్‌హటన్‌ల మధ్య నడిచే పాత్ రైలు నేర్పింది. వచ్చిన మొదటి ఏడాది ఒక సాయంత్రం ఇరవై డాలర్ల టోర్నమెంటులో కూర్చుని, ఆట బాగానే సాగుతుండగా, మాన్‌హటన్‌లో మిత్రుల విందుకు ఆలస్యమవుతోందని ఫోను చేతిలో పట్టుకునే జర్నల్ స్క్వేర్‌లో రైలెక్కాను. న్యూపోర్ట్ దాటగానే రైలు హడ్సన్ నది కిందికి దిగింది, సిగ్నల్ పోయింది. క్రిస్టఫర్ స్ట్రీట్‌లో పైకి వచ్చి చూస్తే, మీరు ఆటకు అనుమతి ఉన్న ప్రాంతంలో లేరు అన్న సందేశం తెర మీద ఉంది. టోర్నమెంటు నా కోసం ఆగదు. నా వంతు వచ్చినప్పుడల్లా ముక్కలు వాటంతటవే మడతపడిపోతూ, బ్లైండ్‌ల (ముక్కలు పంచకముందే తప్పనిసరిగా పెట్టే పందేల) రూపంలో చిప్స్ కరిగిపోతూ ఉన్నాయి. విందు ముగించుకుని తిరిగి న్యూపోర్ట్ చేరేసరికి నా కుర్చీ ఖాళీ. డబ్బు వెనక్కి ఇవ్వమని అడిగాను కానీ, ఆడేటప్పుడు రాష్ట్రం దాటకుండా చూసుకోవడం ఆటగాడి బాధ్యతేనని నియమాల్లో ఉంది, నేనే చదవలేదు.

స్థానాన్ని యాప్ ఒక్కసారి చూసుకుని ఊరుకోదు, ఆట సాగినంతసేపూ మళ్లీ మళ్లీ సరిచూస్తుంది. ఫోనులో లొకేషన్, వైఫై రెండూ తెరిచి ఉంచాలి. ల్యాప్‌టాప్ అయితే స్థానం చెప్పే చిన్న ప్రోగ్రాం ఒకటి వేసుకోవలసి ఉంటుంది. జెర్సీ సిటీ నదీతీరపు అపార్ట్‌మెంట్లలో ఉండేవారికి, రాష్ట్రం లోపలే ఉన్నా, సరిహద్దు మరీ దగ్గర కావడంతో ఒక్కోసారి అనుమతి రాకపోవచ్చు. నది వైపు కిటికీ వదిలి లోపలి గదిలోకి వెళ్లి చూడమని చెబుతుంటాను, చాలాసార్లు పనిచేసింది. ఇక మన ఐటీ ఉద్యోగులకు ప్రత్యేకంగా చెప్పవలసినది వీపీఎన్ గురించి, అంటే మన ఇంటర్నెట్‌ను వేరే చోటి సర్వరు మీదుగా నడిపే ప్రోగ్రాం గురించి. ఆఫీసు వీపీఎన్ తెరిచి ఉన్నా, దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపే ప్రోగ్రాం ఏదైనా కనిపించినా ఆట మొదలే కాదు. వీపీఎన్ వాడి స్థానం మార్చి ఆడినట్టు తేలితే ఖాతా మూసివేసి, గెలిచిన డబ్బు ఆపేసే హక్కు సైటుకు ఉంటుంది. ఆఫీసు ల్యాప్‌టాప్‌ను ఈ పనికి అసలు తాకవద్దు. హెచ్-1బి మీద ఉన్న మనిషి ఉద్యోగాన్ని పణంగా పెట్టి ఆడేంత గొప్ప ఆట ఏదీ లేదు.

ఏ రాష్ట్రాల్లో వీలవుతుందో కూడా తెలిసి ఉండాలి, ఎందుకంటే థాంక్స్‌గివింగ్ సెలవులకు మనం ఊళ్లు తిరుగుతాం. 2013లో మొదట నెవాడా, ఆ తర్వాత అదే ఏడాది నవంబరులో డెలావేర్, న్యూజెర్సీ ఆన్‌లైన్ పోకర్‌ను ప్రారంభించాయి. పెన్సిల్వేనియాలో 2017లో చట్టం వచ్చినా ఆట మొదలైంది 2019 నవంబరులో. మిషిగన్‌లో 2021లో మొదలైంది. వెస్ట్ వర్జీనియా, కనెక్టికట్ చట్టాలు కూడా అనుమతిస్తాయి. మనవాళ్లు వేల సంఖ్యలో ఉన్న టెక్సస్, కాలిఫోర్నియా, న్యూయార్క్‌లలో లైసెన్సు ఉన్న ఆన్‌లైన్ పోకర్ లేదు. సియాటిల్ వైపు బదిలీ అయ్యేవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. వాషింగ్టన్ రాష్ట్రంలో ఇంటర్నెట్ జూదం 2006 నుంచి క్లాస్ సి ఫెలనీ, అంటే గరిష్ఠంగా 5 ఏళ్ల జైలుశిక్షకు వీలున్న నేరం. బెల్‌వ్యూ అపార్ట్‌మెంటులో సోఫా మీద కూర్చుని పాత అలవాటు కొద్దీ ఏదో ఒక విదేశీ సైటు తెరిచే ముందు ఈ ఒక్క సంగతి గుర్తుకు రావాలి.

ఇందులో ఒక తిరకాసు ఉంది. నెవాడా, డెలావేర్ 2014లో చేసుకున్న ఒప్పందంలో 2017లో న్యూజెర్సీ, తర్వాత మిషిగన్, వెస్ట్ వర్జీనియా, 2025లో పెన్సిల్వేనియా చేరాయి కాబట్టి, మీ బల్ల దగ్గర లాస్ వేగస్‌లోనో డెట్రాయిట్‌లోనో ఉన్న మనిషి కూర్చోవచ్చు. అది చూసి, ఎక్కడి నుంచైనా ఆడవచ్చు కాబోలు అనుకోవడం పొరపాటు. ఒప్పందం ఆటగాళ్లను ఒకే బల్ల దగ్గర కలుపుతుంది, అంతే. మధ్యలో ఉన్న ఒహాయోలో కారు ఆపి ఆడేందుకు అది అనుమతి ఇవ్వదు.

ఖాతా తెరిచేటప్పుడు ముందుగా చూడవలసినది, ఆ సైటుకు న్యూజెర్సీ డివిజన్ ఆఫ్ గేమింగ్ ఎన్‌ఫోర్స్‌మెంట్ అనుమతి ఉందా అన్నది. ఈ రాష్ట్రంలో ప్రతి చట్టబద్ధ సైటూ అట్లాంటిక్ సిటీలోని ఏదో ఒక క్యాసినో లైసెన్సుకు ముడిపడి ఉంటుంది, అనుమతి ఉన్న సైట్ల జాబితాను ఆ శాఖే తన వెబ్‌సైటులో ఉంచుతుంది. ప్రకటనలో కనిపించిన లింకు నొక్కకుండా, ఆ జాబితా నుంచే వెళ్లండి. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, ఇంటిపేరు ముందా వెనకా అన్నది కూడా తేడా రాకుండా రాయండి. మన పేర్లలో ఇంటిపేరు పొట్టి అక్షరంగా ఒకచోట, పూర్తిగా మరొకచోట ఉండటం వల్లే గుర్తింపు పరిశీలనలో సగం తిప్పలు వస్తాయి. సోషల్ సెక్యూరిటీ నంబరు అడుగుతారు. అది లేని హెచ్-4 వారూ (హెచ్-1బి వారి మీద ఆధారపడి వచ్చిన కుటుంబసభ్యులు) పర్యాటకులూ కస్టమర్ సర్వీసును సంప్రదించి, పాస్‌పోర్టు పంపితే సరిపోతుందేమో ముందుగా కనుక్కుని, ఆ తర్వాతే డబ్బు వేయాలి. డబ్బు వేసేందుకు క్రెడిట్ కార్డు వద్దు. బ్యాంకు తిరస్కరించకపోతే, దాన్ని నగదు అప్పుగా లెక్కగట్టి మొదటి రోజు నుంచే వడ్డీ వేసే అవకాశం ఎక్కువ. ఇండియా నుంచి తెచ్చుకున్న కార్డు అసలే వద్దు.

ఒక ఖాతా ఒక మనిషికే. భార్య పేరు మీద తెరిచిన ఖాతాలో భర్త ఆడటం, రూమ్మేటు నిద్రపోతే అతని బదులు మీరు కూర్చోవడం, రెండూ నిషిద్ధాలే. ఇంకో మాట. ఒకే ఇంటి ఇంటర్నెట్ మీద నుంచి ఇద్దరు ఒకే బల్ల దగ్గర కూర్చుంటే, కూడబలుక్కుని ఆడుతున్నారన్న అనుమానం వస్తుంది. మా పాత గదిలో ఇద్దరు మిత్రులు అమాయకంగానే అలా కూర్చుని, ఖాతాలు స్తంభించిపోయి, సంజాయిషీలు రాసుకుంటూ మూడు వారాలు గడిపారు. ఒకే ఇంట్లో ఉన్నవారు వేర్వేరు బల్లలు చూసుకోవడమే మేలు.

అసలు ప్రమాదం ఇంకోచోట ఉంది. వాట్సాప్ గుంపుల్లో ఎవరో అన్న, “మన తెలుగువాళ్ల క్లబ్బు, రండి” అంటూ ఒక కోడు పంపుతాడు. యాప్‌లో చూస్తే ఉత్తి ఆట చిప్స్ మాత్రమే ఉంటాయి. అసలు డబ్బు మాత్రం ఏజెంటుకు జెల్‌లో (బ్యాంకు ఖాతా నుంచి ఖాతాకు డబ్బు పంపే సేవ) పంపాలి, వారం చివర అతనే లెక్క తేలుస్తాడు. ఇది టెక్సస్‌లోనూ సాగుతోంది, ఇక్కడా సాగుతోంది. దీనికి లైసెన్సు లేదు, ముక్కలు న్యాయంగా కలిపారని చెప్పే దిక్కు లేదు, ఏజెంటు ఫోను ఎత్తకపోతే ఫిర్యాదు చేసేందుకు ఆఫీసు లేదు. లైసెన్సు ఉన్న సైటు ఆటగాళ్ల డబ్బును తన ఖర్చులతో కలపకుండా వేరుగా ఉంచాలి. ఆ నియమం విలువ 2011 ఏప్రిల్ 15న చాలామందికి తెలిసివచ్చింది. ఆ రోజు అమెరికా ప్రభుత్వం పోకర్‌స్టార్స్, ఫుల్ టిల్ట్, అబ్సల్యూట్ పోకర్ అనే విదేశీ సైట్ల నిర్వాహకుల మీద నేరారోపణలు బయటపెట్టింది. ఫుల్ టిల్ట్ దగ్గర ఆటగాళ్లకు ఇవ్వవలసినంత డబ్బు లేదని తర్వాత తేలి, వాళ్లు ఏళ్ల తరబడి ఎదురుచూడవలసి వచ్చింది. స్వీప్‌స్టేక్స్ పేరుతో రెండు రకాల నాణేలు (ఒకటి ఉత్తి ఆటకు, రెండోది డబ్బుగా మార్చుకునేందుకు) చూపించి నడిపే సైట్లను కూడా న్యూజెర్సీ 2025 ఆగస్టులో నిషేధించింది.

పన్ను దగ్గరకు వస్తే, గెలిచిన ప్రతి డాలరూ ఆదాయమే, సైటు నుంచి కాగితం వచ్చినా రాకపోయినా. మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే, అందులోనూ విద్యార్థులు. ఎఫ్-1 మీద వచ్చినవారు మొదటి 5 క్యాలెండర్ సంవత్సరాలు సాధారణంగా పన్ను లెక్కల్లో నాన్ రెసిడెంట్‌గానే ఉంటారు. నాన్ రెసిడెంట్లకు పోకర్ గెలుపు మీద నేరుగా 30 శాతం పన్ను, ఓడిన డబ్బును అందులోంచి తీసివేసే వీలు మనవాళ్లకు లేదు. ఒక శుక్రవారం ఒక కూర్చోవడంలో 600 డాలర్లు గెలిచి, మరుసటి శుక్రవారం 500 ఓడిపోయిన విద్యార్థి జేబులో మిగిలింది 100, కట్టవలసిన పన్ను 180. ఈ లెక్క చెప్పినప్పుడు నమ్మిన వాడిని నేను ఇంతవరకు చూడలేదు, ఏప్రిల్ నెల వచ్చాక అందరూ నమ్ముతారు.

హెచ్-1బి మీద వచ్చి రెసిడెంటుగా పన్ను కట్టేవారి పరిస్థితి కొంత నయం, అయినా సుఖం కాదు. ఖర్చులను విడివిడిగా చూపించే పద్ధతిలో రిటర్న్ వేస్తేనే ఓడిన డబ్బును గెలుపుకు ఎదురుగా చూపగలరు. 2026 నుంచి ఆ ఓటమిలో 90 శాతం మాత్రమే లెక్కకు వస్తుంది. ఏడాదంతా కలిపి పదివేలు గెలిచి పదివేలు ఓడినవారికి, చేతికి ఒక్క డాలరు రాకపోయినా, వెయ్యి డాలర్ల ఆదాయం చూపవలసి ఉంటుంది. అందుకే తేదీ, ఎంతసేపు ఆడారు, ఎంత పెట్టారు, ఎంత తీశారు అన్నది ఒక పుస్తకంలోనో ఎక్సెల్‌లోనో రాసుకోండి. సైటు ఇచ్చే ఏడాది చివరి పట్టిక ఒక్కటే సరిపోదు. కొన్నాళ్ల పర్యటనకు వచ్చి ఇండియాలోనే పన్ను చెల్లించే తల్లిదండ్రులు గెలిస్తే, ఆ మొత్తాన్ని అక్కడి రిటర్న్‌లోనూ చూపాలి.

వీసా, పౌరసత్వం సంగతి క్లుప్తంగా. పౌరసత్వపు దరఖాస్తులో చట్టవిరుద్ధంగా జూదం ఆడారా అన్న ప్రశ్న ఉంటుంది. జూదపు నేరాల్లో రెండుసార్లు శిక్షపడినా, ప్రధాన ఆదాయం చట్టవిరుద్ధ జూదమే అయినా మంచి నడవడి లేనట్టే చట్టం చూస్తుంది. అనుమతి ఉన్న సైటులో సరదాకు ఆడటం అందులోకి రాదు. ఏజెంటు క్లబ్బు మాత్రం ఆ ప్రశ్న ఎదుట మిమ్మల్ని ఇబ్బంది పెడుతుంది. ఉద్యోగం మాని ఇదే వృత్తిగా చేసుకోవాలన్న ఆలోచన ఉంటే ముందు ఇమ్మిగ్రేషన్ లాయరును కలవండి.

డిపాజిట్ పరిమితిని ఖాతా తెరిచిన రోజే పెట్టుకోండి, తర్వాత పెట్టుకుందాంలే అనుకున్నవారు పెట్టుకోరు. చేయి దాటుతోందని అనిపిస్తే ఈ రాష్ట్రంలో ఏడాదికి గానీ ఐదేళ్లకు గానీ ఆట నుంచి తమను తామే మినహాయించుకునే వెసులుబాటు ఉంది. 1-800-గ్యాంబ్లర్ అన్న సహాయ నంబరు ప్రతి ప్రకటన కిందా కనిపిస్తుంది.

చివరగా సంక్రాంతికో పెళ్లికో ఇంటికి వెళ్లేవారికి. ఇండియాలో 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం, నైపుణ్యం ఆటా అదృష్టం ఆటా అన్న తేడా లేకుండా, డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. ఆ చట్టంలో శిక్షలు నడిపేవారికీ ప్రచారం చేసేవారికీ డబ్బు చెల్లింపులు జరిపించేవారికీ తప్ప ఆడేవారికి కాదు కానీ, తెలంగాణ, ఆంధ్ర రాష్ట్రాల చట్టాలు అక్కడ వేరుగా ఉన్నాయి. పైగా మీ న్యూజెర్సీ ఖాతా శంషాబాద్‌లో దిగాక ఎలాగూ ఆటకు తెరుచుకోదు, వీపీఎన్‌తో తెరవాలని చూస్తే ఖాతానే పోతుంది. నూవార్క్ విమానాశ్రయానికి బయలుదేరే ముందు రోజే ఆడుతున్న టోర్నమెంట్లు ముగించుకుని, మిగిలిన డబ్బు బ్యాంకుకు తీసుకుని, అది ఖాతాలో పడిందో లేదో చూసుకోండి. శాశ్వతంగా తిరిగి వెళ్లిపోయేవారు ఇక్కడి బ్యాంకు ఖాతా మూసేముందే ఈ పని పూర్తి చేసుకోవాలి, ఎందుకంటే ఖాతా మూశాక సైటులో మిగిలిన డబ్బు ఎక్కడికి పంపాలన్నది పెద్ద తలనొప్పి అవుతుంది.