వేడెక్కితే ఆగి, చల్లారితే స్టార్టయ్యే పాత బండి: విప్పాల్సింది కార్బొరేటర్ కాదు

లక్షణం దాదాపు ప్రతి బండిలోనూ ఒకేలా ఉంటుంది. పొద్దున రెండు కిక్కులకే ఇంజిన్ అందుకుంటుంది. పది పదిహేను కిలోమీటర్లు ఏ తేడా లేకుండా నడుస్తుంది. పంజాగుట్ట నుంచి అమీర్‌పేట దాకా ఫస్టు, సెకండు గేర్లలో పాకాక మిస్ కొట్టడం మొదలవుతుంది. సైలెన్సర్‌లో టప్పుమని పేలుతుంది, తర్వాతి సిగ్నల్ దగ్గర ఆగిపోతుంది. ఇక ఎన్ని కిక్కులు కొట్టినా ఉలకదు. పక్కన పెట్టి, ఛాయ్ తాగి, అరగంటకు వచ్చి కొడితే ఏమీ జరగనట్టు స్టార్టవుతుంది.

ఇక్కడ చెప్పేది పాయింట్లున్న (ఇంజిన్ తిరిగేకొద్దీ కలిసి విడిపోతూ, స్పార్క్ కోసం కరెంట్‌ను తెంపే చిన్న స్విచ్ ఉన్న) బండ్ల సంగతి: క్యాస్ట్ ఐరన్ బుల్లెట్, జావా, యెజ్డీ, రాజ్‌దూత్. ఆర్‌ఎక్స్ 100 లాంటి సీడీఐ (పాయింట్లు లేకుండా ఎలక్ట్రానిక్ పద్ధతిలో స్పార్క్ ఇచ్చే) బండ్లలో ఇదే లక్షణం కనిపిస్తే మాగ్నెటో లోపలి సోర్స్ కాయిల్‌నో, పికప్ కాయిల్‌నో వేడి మీద మీటర్‌తో చూడండి. వాటికి కింది మాటల్లో సగం వర్తించవు.

అందరూ వదిలేసే పని ఒకటుంది. బండి ఆగిన చోట ఏమీ చూడరు. ట్రాలీలో ఇంటికి తెచ్చి, మర్నాడు చల్లటి ఇంజిన్ మీద పరీక్షలు పెడతారు. చల్లగా ఉన్నప్పుడు ప్లగ్గులో స్పార్క్ బాగుంటుంది, పెట్రోల్ ధార బాగుంటుంది. కాబట్టి అనుమానం కార్బొరేటర్ మీదికి పోతుంది. జెట్లు కడుగుతారు, సూది మారుస్తారు, చివరికి కొత్త కార్బొరేటరే కొంటారు. వేడి మీద వచ్చే జబ్బు వేడి మీదే దొరుకుతుంది. ఆగిన ఐదు నిమిషాల్లోపు, రోడ్డు పక్కనే, ఇంజిన్ చల్లారక ముందే చూడాలి. దానికి ప్లగ్ స్పానర్, గ్యాప్ పెట్టి ఉంచిన కొత్త ప్లగ్గు, స్క్రూడ్రైవర్, ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకులు), రెండు వైర్లు అతికించిన ఒక కండెన్సర్ టూల్ బాక్సులో ఉంటే చాలు.

ఆగిన చోట చూడాల్సింది

ముందు ట్యాంక్ మూత తిప్పండి. బుస్సుమని గాలి లోపలికి పీల్చుకుంటే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయిందన్నమాట. రీస్టోర్ చేసిన బండ్లలో ఇది మామూలే. మూతకు కొత్తగా క్రోమ్ పూత వేయించినప్పుడో, కొత్త వాషర్ బిగించినప్పుడో ఆ చిన్న రంధ్రం పూడిపోతుంది. మూత తీసిన రెండు నిమిషాలకు బండి స్టార్టయి మళ్లీ బాగా నడిస్తే వెతుకులాట అక్కడితో ఆపండి. సన్నటి తీగతో రంధ్రం తెరిచి, వాషర్‌లో దారి సరిగా ఉందో లేదో చూడండి.

మూత మంచిదైతే కార్బొరేటర్ బౌల్‌లో పెట్రోల్ ఉందో లేదో చూడాలి. టిక్లర్ (బౌల్ మీద పెట్రోల్ పొంగించే చిన్న బటన్) ఉన్న కార్బొరేటర్ అయితే నొక్కగానే పొంగాలి. లేనిదైతే బౌల్ కింది స్క్రూ వదులు చేయండి. పెట్రోల్ లేకపోతే ట్యాంక్ తుప్పు పెట్రోల్ కాక్ జల్లెడకు పట్టింది. ఇంటికొచ్చాక పైపు తీసి సీసాలోకి వదిలి కొలవండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో, లీటరుకు 30 ఇచ్చే బండికి నిమిషానికి సుమారు 33 మిల్లీలీటర్లే కావాలి. 200 మిల్లీలీటర్లు వస్తుంటే దిగుల్లేదు. అయితే ట్యాంక్ మూత బిగించే కొలవాలి, మూడు నాలుగు నిమిషాలైనా వదలాలి. మొదటి నిమిషం ధార చూసి తృప్తి పడితే మూత లోపం, జల్లెడ లోపం రెండూ తప్పించుకుంటాయి.

పెట్రోల్ ఉందా? అయితే ట్యాంక్ మూత బిగించి, ప్లగ్గు విప్పి, దాన్ని పక్కన పెట్టేసి కొత్త ప్లగ్గును క్యాప్‌కు తగిలించండి. ప్లగ్గు రంధ్రానికి దూరంగా సిలిండర్ ఫిన్‌కు ఆనించి కిక్ కొట్టండి. రంధ్రం దగ్గర వద్దు, అక్కడ పెట్రోల్ ఆవిరి ఉంటుంది. నీలంగా, చిటుక్కుమని మోగే స్పార్క్ వస్తే ఇగ్నిషన్ బాగుంది. పల్చటి పసుపు గీతలా వచ్చినా, అసలు రాకపోయినా పాయింట్ల కవర్ తెరవాలి.

బుల్లెట్ వాళ్లకు ఇంకో వరం ఉంది, అమ్మీటర్. లైట్లన్నీ ఆపి, తాళం తిప్పి, కిక్‌ను చేత్తో మెల్లగా తోయండి. పాయింట్లు కలిసినప్పుడు ముల్లు డిశ్చార్జి వైపు వాలాలి, విడిపోయినప్పుడు మధ్యకు రావాలి. అసలు వాలకపోతే పాయింట్లు కలవడం లేదు, లేదా ఎక్కడో వైరు తెగింది. వాలి అక్కడే ఉండిపోతే పాయింట్లు విడిపోవడం లేదు, లేదా కండెన్సర్ పూర్తిగా షార్ట్ అయింది. విప్పకుండానే ఇంత చెప్పే పరీక్షను ఎందుకో ఎవరూ చేయరు.

పాయింట్ల గ్యాప్ సంగతి క్లుప్తంగా: బుల్లెట్‌కు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు, జావా, యెజ్డీలకు 0.4. కొత్త పాయింట్లలో, వాటిని తెరిచే కామ్ మీద రాసుకునే మడమ మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో త్వరగా అరుగుతుంది, గ్యాప్ మూసుకుపోతుంది. కాబట్టి కొత్తవి వేశాక ఒకసారి మళ్లీ కొలవాలి. కామ్‌కు గ్రీజు చుక్క రాయాలి, ఎక్కువ రాస్తే పాయింట్ల మీదికి చిమ్ముతుంది. ఎమరీ పేపర్‌తో రుద్దొద్దు, దాని రవ్వలు లోహంలో దిగబడతాయి. సన్నటి ఆకురాయి, తర్వాత పెట్రోల్‌లో తడిపిన బట్ట, చివరగా గట్టి కాగితం ముక్క. గ్యాప్ మారితే టైమింగ్ (స్పార్క్ పడే సమయం) కూడా మారుతుంది, అదీ చూసుకోండి.

అసలు దొంగ: కండెన్సర్

పెట్రోల్ ఉంది, ప్లగ్గు కొత్తది, గ్యాప్ సరిగ్గా ఉంది, అయినా వేడి మీద స్పార్క్ పసుపు పచ్చగా చచ్చుగా వస్తోంది. ఈ స్థితిలో కండెన్సర్‌ను అనుమానించేవాళ్లు ఉన్నారు, కానీ అక్కడే మోసపోతారు. ‘మొన్ననే కొత్తది వేశాం కదా’ అని దాన్ని వదిలేసి కాయిల్ (ప్లగ్గుకు కావాల్సిన ఎక్కువ వోల్టేజి పుట్టించేది) మారుస్తారు. కొత్తది అయినంత మాత్రాన మంచిది కాదు. ఈ ఒక్క మాట నమ్మకపోవడం వల్లే బండ్లు నెలల తరబడి షెడ్లలో పడి ఉంటున్నాయి.

అది చేసే పని తెలిస్తే లక్షణం దానంతట అదే అర్థమవుతుంది. పాయింట్లు విడిపోయే క్షణంలో కాయిల్ ప్రైమరీలో (పాయింట్లకు కలిసే తీగ చుట్టలో) కరెంట్ ఒక్కసారిగా తెగాలి. అలా తెగితేనే సెకండరీలో (ప్లగ్గుకు వెళ్లే తీగ చుట్టలో) వేల వోల్టులు పుట్టి ప్లగ్గు దాకా వస్తాయి. అదే క్షణంలో ప్రైమరీలోనూ 200, 300 వోల్టుల దాకా ఎగదన్నుతుంది. ఆ పోటు పాయింట్ల సందులో మంటగా దూకకుండా కండెన్సర్ తనలోకి తీసుకుంటుంది. అది పని చేయకపోతే కరెంట్ తెగడానికి బదులు పాయింట్ల మధ్య మండుతూ మెల్లగా తగ్గుతుంది. ప్లగ్గుకు చేరేది పసుపు గీతే.

కండెన్సర్ అంటే రెండు పల్చటి లోహపు రేకుల మధ్య ఇన్సులేషన్ పెట్టి చుట్టి, చిన్న డబ్బాలో మూసిన వస్తువు. పాత రకాల్లో ఆ ఇన్సులేషన్ కాగితం. మూత సరిగా లేకపోతే ఏళ్ల తరబడి తేమ పీలుస్తుంది. చల్లగా ఉన్నంతసేపూ కరెంట్‌ను ఆపుతుంది, వేడెక్కగానే లీకవుతుంది. అది ఉండే చోటు కూడా అలాంటిదే. బుల్లెట్‌లో సిలిండర్ వెనక డిస్ట్రిబ్యూటర్ దగ్గర, జావా, యెజ్డీల్లో క్రాంక్ చివరి డైనమో మీద, పాయింట్ల పక్కన. మే నెల ట్రాఫిక్‌లో గాలి తగలక అక్కడ పోగయ్యే వేడికి ముందుగా లొంగేది ఇదే. హైవే మీద ఆగని బండి సిగ్నళ్ల దగ్గరే ఆగడానికి కారణం కూడా ఇదే.

అందుకే ఒరిజినల్ మోజు ఇక్కడ పనికిరాదు. మైసూరులో యెజ్డీల తయారీ 1996లో ఆగింది. ఆనాటి అట్టపెట్టెలో సీలు తీయని కండెన్సర్ దొరికితే దాని వయసు మూడు దశాబ్దాలు, వాడకపోయినా లోపల కాగితం పాతబడే ఉంటుంది. హెడ్‌లైట్ రిమ్, ట్యాంక్ బ్యాడ్జి, స్పీడోమీటర్ ఒరిజినల్‌వి వెతకండి, ఎంతైనా పెట్టండి. కండెన్సర్‌కు మాత్రం ఆ గౌరవం ఇవ్వొద్దు. ఇప్పుడు చౌకగా వచ్చే నకిలీలది మరో బాధ: లోపలి వైరు అతుకు సరిగా లేక, వేడికి లోహం సాగినప్పుడు విడిపోయి, చల్లారితే మళ్లీ కలుస్తుంది.

మల్టీమీటర్ కెపాసిటెన్స్ రేంజిలో సుమారు 0.2 మైక్రోఫ్యారడ్ చూపిస్తే చాలామంది పాస్ చేసేస్తారు. మీటర్ కొద్ది వోల్టులతోనే కొలుస్తుంది, పాయింట్ల దగ్గర వందల వోల్టులు ఉంటాయి. మీటర్ ‘బాగాలేదు’ అంటే నమ్మండి, ‘బాగుంది’ అంటే నమ్మకండి. నమ్మదగిన పరీక్ష మార్చి చూడటమే, అది కూడా బండి ఆగిన చోటే.

ఇంజిన్ వేడిగా ఉండగా పాయింట్ల కవర్ తీసి, చేతిని గొడుగులా పట్టి నీడ చేసి, ఇంకొకరితో కిక్ కొట్టించండి. సన్నటి చిన్న మెరుపు మామూలే. తెల్లగానో నీలంగానో లావుపాటి మంట కనిపిస్తే అనుమానం గట్టిపడినట్టే. పాయింట్ల ముఖాలు నల్లబడటం, ఒకదానిపై గుంట, రెండోదానిపై మొటిమ లేవడం దీనికి తోడు సాక్ష్యం. ఇప్పుడు పాత కండెన్సర్ వైరును పాయింట్ల దగ్గర విప్పేయండి. ఇది ముఖ్యం. దాన్ని అలాగే ఉంచి కొత్తది పక్కన తగిలిస్తే, లోపల వైరు తెగిన కండెన్సర్ విషయంలోనే ఫలితం కనిపిస్తుంది. లీకయ్యే పాతది కొత్తదాని పనినీ పాడుచేస్తూనే ఉంటుంది. పాతదాన్ని పూర్తిగా వేరు చేసి, మీ దగ్గరున్న కండెన్సర్ వైరు ఒకటి పాయింట్ల వైరుకు, రెండోది ఇంజిన్ మీద శుభ్రమైన బోల్టుకు పట్టించి కిక్ కొట్టండి. వేడి ఇంజిన్ వెంటనే అందుకుంటే తీర్పు వచ్చేసినట్టే.

పాయింట్లలో మంట లేదు, అయినా స్పార్క్ లేదంటే కాయిల్ వైపు వెళ్లండి. 12 వోల్టుల కాయిల్ ప్రైమరీ సాధారణంగా 3 నుంచి 4 ఓములు ఉంటుంది. సెకండరీని చల్లగా ఒకసారి, వేడిగా ఒకసారి కొలిచి పోల్చండి. వేడి మీద మీటర్ ఏమీ చూపకపోతే కాయిల్ మార్చాల్సిందే. తాళం ఆన్‌లోనే ఉంచి బండి నిలిపి ఉంచడం కాయిళ్లను చంపే అలవాటు, పాయింట్లు కలిసి ఉంటే కరెంట్ అలా పారుతూనే ఉంటుంది.

ఎలా మార్చాలి

రెండు దారులున్నాయి. మొదటిది, హైదరాబాద్ పుత్లీబౌలీ దుకాణాల్లో అంబాసిడర్ కారు డిస్ట్రిబ్యూటర్ కండెన్సర్ అడగండి. విలువ దగ్గరగానే ఉంటుంది, బిగించే చెవి ఒక్కటే కొద్దిగా సవరించుకోవాలి.

రెండోది, మేలైనది. కోఠి గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్స్ సామాన్ల షాపులో పాలీప్రొపిలిన్ ఫిల్మ్ కెపాసిటర్, 0.22 మైక్రోఫ్యారడ్, 630 వోల్టులది తీసుకోండి. దాని మీద 224 అని ఉంటుంది. తక్కువ వోల్టులది ఇస్తే వద్దనండి. ప్లస్, మైనస్ గుర్తులున్న ఎలక్ట్రోలిటిక్ రకం అసలే వద్దు. సీలింగ్ ఫ్యాన్ కండెన్సర్ వేసేవాళ్లూ ఉన్నారు, అది 2.5 మైక్రోఫ్యారడ్. పది రెట్లు పెద్దది కావడంతో పోటు పైకి లేవడానికే ఆలస్యమై స్పార్క్ నీరసపడుతుంది.

దీన్ని ఇంజిన్ దగ్గర కాకుండా ట్యాంక్ కింద, కాయిల్ పక్కన పెట్టండి. ఒక కాలు కాయిల్‌లో పాయింట్ల వైరు వచ్చే టెర్మినల్‌కు, రెండోది ఎర్త్‌కు, అంటే ఫ్రేమ్ లోహానికి. కాళ్లు పల్చగా ఉంటాయి, వైబ్రేషన్‌కు విరుగుతాయి. మెత్తటి పురి వైరు సోల్డర్ చేసి, స్లీవ్ తొడిగి, మొత్తాన్ని అరల్డైట్‌తో చిన్న ప్లాస్టిక్ గొట్టంలో పోసి గట్టిపడనివ్వండి. పాత కండెన్సర్ డబ్బాను వైరు విప్పేసి దాని చోటే ఉంచవచ్చు. ప్రదర్శనలో కవర్ తెరిచినా రూపం మారదు.

రీస్టోర్ చేసిన బండ్లకు ప్రత్యేకంగా ఒక మాట: ఎర్త్. ఫ్రేమ్‌కు పౌడర్ కోటింగ్, పాయింట్ల ప్లేట్‌కు పెయింట్ వేయించాక కండెన్సర్ డబ్బాకు, బ్యాటరీకి మధ్య దారి స్క్రూ మరల మీదే ఆధారపడుతుంది. మంచి కండెన్సర్ కూడా ఎర్త్ లేకపోతే లేనట్టే. తాళం తిప్పి, పాయింట్లు కలిసి ఉన్నప్పుడు బ్యాటరీ ఎర్త్ టెర్మినల్‌కు, పాయింట్ల ప్లేట్‌కు మధ్య వోల్టేజి కొలవండి. 0.2 వోల్టులు దాటితే స్క్రూ కింద పూత గీకి మెరిసే లోహం తేల్చండి, ఇంజిన్ నుంచి బ్యాటరీకి విడిగా ఒక ఎర్త్ వైరు వేయండి.

మిగతావి

బుల్లెట్‌లో వేడి మీద కిక్ తేలికైపోతే, అంటే కంప్రెషన్ పోతే, టాపెట్లు (వాల్వులను తెరిచే భాగాల మధ్య సందు) బిగుతుగా ఉన్నాయి. చల్లటి ఇంజిన్ మీద పుష్‌రాడ్ వేళ్లతో సులువుగా తిరగాలి, పైకీ కిందికీ ఆడకూడదు. టూ స్ట్రోక్‌లో ఆగకుండా ఐడిలింగ్ పెరిగిపోతుంటే క్రాంక్ ఆయిల్ సీల్ చూడండి, అది వేరే జబ్బు. పిస్టన్ పట్టేస్తే కిక్కే దిగదు, దాన్ని దీనితో పొరబడే అవకాశం లేదు. పెట్రోల్ పైపులో ఆవిరి పట్టడం గురించి అందరూ మాట్లాడతారు గానీ, గురుత్వంతో పెట్రోల్ దిగే ఈ బండ్లలో అది అరుదు. పైపు సిలిండర్‌ను తాకుతుంటే పక్కకు జరిపి ఊరుకోండి.

మార్చాక అదే రూట్‌లో, అదే ఎండలో, అదే ట్రాఫిక్‌లో ఒక గంట నడపండి. తిరిగొచ్చి పాయింట్ల కవర్ తీయండి. ముఖాలు లేత బూడిద రంగులో నునుపుగా ఉంటే సరైనది వేశారు. మళ్లీ నల్లబడుతుంటే ఎర్త్ కొలత ఇంకోసారి తీయండి, అదీ బాగుంటే ఆ కండెన్సర్‌నూ మార్చండి.