పల్లె చర్చి చిత్రాన్ని నేల నుంచి పైకి చూడడం ఎలా

పంతొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి ప్రకృతి చిత్రాల్లో పల్లె చర్చి కనబడగానే మన చూపు గోపురం మీదికి పోతుంది, కట్టడం ఏ కాలానిదో ఆలోచించి అక్కడితో ఆగిపోతాం. ఈ చిత్రాలను అందుకు భిన్నంగా నేల నుంచి మొదలుపెట్టి చూడాలని నా గట్టి అభిప్రాయం. పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉన్న జాన్-ఫ్రాన్స్వా మిలే చిత్రం "గ్రేవిల్ చర్చి" ఈ పద్ధతికి చక్కగా ఒదుగుతుంది.

ముందుగా కొంత నేపథ్యం తెలుసుకోవాలి. మిలే 1814లో నార్మండీ తీరాన, గ్రేవిల్‌కు చెందిన గ్రుషీ అనే కుగ్రామంలో పుట్టాడు. 1849 నుంచి పారిస్ దగ్గరి పల్లె బార్బిజోన్‌లో స్థిరపడిన ఆయన, 1870లో జర్మన్ రాజ్యమైన ప్రష్యాతో యుద్ధం వచ్చినప్పుడు కుటుంబంతో గ్రేవిల్ దగ్గరి ఓడరేవు పట్టణం షెర్‌బూర్‌కు తరలివెళ్లాడు. అలా సొంత ప్రాంతానికి చేరిన కాలంలో మొదలైన ఈ చిత్రం మీద 1874 దాకా పనిచేసి, 1875 జనవరిలో మరణించాడు. ఇది బాల్యంలో ఎరిగిన చర్చిని జీవితం చివర్లో మళ్లీ చూసిన మనిషి గీసిన చిత్రం.

ఇప్పుడు చిత్రం కింది అంచు దగ్గర ఆగి, చిత్రకారుడు ఎక్కడ నిలబడ్డాడో ఊహించండి. గడ్డి, దారి, రాళ్ల ప్రహరీ దాటిన తరువాతే చర్చి వస్తుంది. అది నేలను కరుచుకున్నట్టు అడ్డంగా పరుచుకుని ఉంటుంది. పారిస్‌లోని మరో మ్యూజియం లూవ్ర్‌లో ఉన్న, అదే శతాబ్దపు ఫ్రెంచి చిత్రకారుడు కోరో చిత్రం "మరిసెల్ చర్చి" (1866) దీనికి పూర్తిగా వేరు: నిలువుగా ఉన్న ఆ కాన్వాసులో సన్నని చెట్ల నడుమ దారి మన చూపును దూరాన ఉన్న చర్చి వైపు తీసుకుపోతుంది. కోరో చర్చి ఇంకా చేరవలసిన చోటు. మిలే చర్చి దగ్గరకు మనం ఇప్పటికే వచ్చేశాం.

తరువాత కళ్లు సగం మూసి చూడండి. వివరాలు చెరిగిపోయి వెలుగునీడల ముద్దలు మాత్రమే మిగులుతాయి, వెలుతురు ఏ వైపు నుంచి పడుతున్నదో అప్పుడు తెలుస్తుంది. కళ్లు తెరిచాక గోడల రాయి రంగును పరీక్షించండి. ఒకే బూడిద రంగనిపించినది కొన్నిచోట్ల పచ్చదనానికి, కొన్నిచోట్ల గోధుమ వర్ణానికి జరుగుతూ ఉంటుంది. ఎక్కువ సమయం ఇక్కడే గడపండి.

మనుషుల సంగతి చివరికి ఉంచుకోవచ్చు. చర్చి పక్కగా పోతున్న చిన్న పల్లెటూరి మనిషిని వేలితో కప్పి చూస్తే కట్టడం ఎంత పెద్దదో చెప్పలేం. వేలు తీయగానే కొలత దొరుకుతుంది. గోపురం చుట్టూ ఎగిరే పక్షులు ఆకాశానికి అదే పని చేస్తాయి.

1841లో పేటెంటు పొందిన తగరపు రంగుల ట్యూబుల వల్ల ఆరుబయట రంగులతో పనిచేయడం తేలికైన మాట నిజమే. అయితే మిలే ఎక్కువగా జ్ఞాపకం మీద, రేఖాచిత్రాల మీద ఆధారపడి స్టూడియోలో పనిచేసేవాడు గనుక ఆయన చిత్రంలో ఒక ప్రత్యేక క్షణపు వాతావరణాన్ని వెతకనవసరం లేదు. అలాంటి వాతావరణం కావాలంటే ఫ్రాన్స్‌లోని మోరే పట్టణపు చర్చిని 1893, 1894 సంవత్సరాల్లో వేర్వేరు వేళల్లో పదేపదే చిత్రించిన చిత్రకారుడు సిస్లీని చూడాలి.

పోలికకు అన్నిటికన్నా ఉపయోగపడేది ఓర్సేలోనే ఉన్న వాన్‌గో చిత్రం "ఓవేర్ చర్చి" (1890). అందులో చర్చి వెనుక భాగం కనబడుతుంది, దారి రెండుగా చీలి ఇరువైపులా పోతుంది, గోడల గీతలు కదులుతున్నట్టుంటాయి. కట్టడం ఊదా ఛాయలో, ఆకాశం గాఢమైన కోబాల్టు నీలంలో ఉన్నాయని ఆయనే చెల్లెలికి ఉత్తరంలో రాశాడు. నేల నుంచి మొదలుపెట్టే పద్ధతి ఇక్కడ మరింత అవసరం, ఎందుకంటే ఆ రెండు దారుల్లో ఏదీ తలుపు దగ్గరకు చేర్చదు.

ఓర్సేకు సోమవారం, లూవ్ర్‌కు మంగళవారం సెలవు గనుక రెండూ చూడదలచినవారు మిగిలిన రోజుల్లో వెళ్లాలి. తెర మీద చూసేవారు మిలే చిత్రానికి సుమారు 60 సెంటీమీటర్ల ఎత్తు, 73 సెంటీమీటర్ల వెడల్పుతో ఒక కాగితం కత్తిరించి గోడకు అంటించుకుంటే, ఆ మనిషి, ఆ పక్షులు నిజానికి ఎంత చిన్నవో అంచనాకు వస్తుంది.