పిల్ల లేచింది సరే, తల్లి గుర్రం సంగతి?

గుర్రం ఈనిందంటే అందరి చూపూ పిల్ల మీదే. లేచిందా, పాలు తాగిందా, ఆడదా మగదా, నుదుట చుక్క ఉందా అని చూస్తాం. తల్లి ఓ మూల నిలబడి గడ్డి కొరుకుతుంటే బాగానే ఉందనుకుంటాం. అసలు గండాలు దానికి మొదలయ్యేది అప్పుడే. ఆవులూ గేదెలూ పెంచిన అలవాటున్నవాళ్లం మరీ పొరబడతాం. ఆవుకి మాయ పడటం ఒక పూట ఆలస్యమైనా ఎవరూ కంగారు పడరు. గుర్రానికి ఆ లెక్క చెల్లదు.

గుర్రం చూలు సుమారు 340 రోజులు. అటూ ఇటూ పది ఇరవై రోజులు తేడా వచ్చినా వింతేమీ కాదు. అందుకే ఏర్పాట్లన్నీ నెల ముందే కావాలి. ధనుర్వాతం టీకా ఈనడానికి నాలుగు నుంచి ఆరు వారాల ముందు వేయించండి. మానం (యోని ద్వారం) పైభాగానికి కుట్లు వేయించిన గుర్రమైతే వాటిని ముందే విప్పించాలి. మరిచిపోతే పిల్ల వచ్చేటప్పుడు అక్కడ చిరుగుతుంది. ఇంకో పని చాలామంది చేయరు, నేను మాత్రం పట్టుబడతాను: ఒంట్లో బాగున్న రోజుల్లోనే మీ గుర్రం అంకెలు రాసిపెట్టుకోండి. జ్వరం కొలిస్తే మామూలుగా 37.5 నుంచి 38.5 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. నాడి నిమిషానికి 28 నుంచి 44. చిగుళ్లు లేత గులాబీ రంగులో ఉండాలి, వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలో రంగు తిరిగి రావాలి. రేపు అనుమానం వచ్చినప్పుడు పోల్చుకోవడానికి ఏదో ఒకటి చేతిలో ఉండాలి కదా. ఎక్కువ గుర్రాలు రాత్రిపూటే ఈనుతాయి. టార్చి, గడియారం, థర్మామీటరు, శుభ్రమైన దుప్పటి, బకెట్లు, కాస్త సన్నని తాడు లాయం దగ్గరే పెట్టుకోండి. డాక్టరు నంబరు ఫోన్‌లో ఉంటే చాలదు, గోడ మీద కూడా రాయండి.

పిల్ల బయటపడగానే టైము రాసుకోండి. గంటలో పిల్ల లేవాలి, రెండు గంటల్లో పొదుగు అందుకోవాలి, మూడు గంటల్లో తల్లికి మాయ పడాలి. మూడు దాటితే డాక్టరుకి ఫోన్ చేయాలి. తెల్లారనిద్దాం అనుకోవద్దు. లోపల మిగిలిన మాయ కుళ్లి గర్భసంచికి చీము పడుతుంది, ఆ విషం రక్తంలో కలుస్తుంది, చివరికి గిట్టల దాకా వచ్చి అవి లోపల వాచి గుర్రం కుంటుతుంది. వేలాడుతున్న మాయను లాగకండి, బరువు కట్టకండి. లాగితే గర్భసంచి చిరగొచ్చు, లేదా కొన ముక్క లోపలే తెగి ఉండిపోవచ్చు. గుర్రం తొక్కకుండా, వెనక కాళ్లకి తగిలి అది బెదరకుండా మాయను పైకి మడిచి మోకాలి కంటే ఎత్తున ముడివేయండి. గర్భసంచి ముడుచుకుని మాయ పడటానికి వేసే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ డాక్టరు చెప్పిన మోతాదులోనే. గుర్రం ఆ మందుకి చాలా సున్నితం, ఆవు లెక్కన వేస్తే నొప్పితో మెలికలు తిరిగిపోతుంది.

మాయ పడ్డాక చాలామంది దాన్ని వెంటనే పాతేస్తారు. ఆగండి. శుభ్రమైన నేల మీద నీళ్లు చల్లి దాన్ని పరవండి. సాధారణంగా తిరగబడి పడుతుంది కాబట్టి నున్నగా మెరిసే వైపు పైకి ఉంటుంది. చేయి లోపలికి పోనిచ్చి సంచిని తిరగేస్తే ఎర్రటి ముఖమల్ లాంటి వైపు కనిపిస్తుంది. పరిచాక అది రెండు కాళ్ల పైజామాలా ఉంటుంది, ఒక కాలు లావుగా, ఒకటి సన్నగా. పిల్ల చీల్చుకుని వచ్చిన రంధ్రం ఒక్కటే ఉండాలి. రెండు కాళ్ల కొసలూ మూసుకుని ఉండాలి. తెగి లోపల ఉండిపోయేది ఎక్కువగా సన్నకాలు కొసే, అరచేయంత ముక్క. ఆ అరచేయంత ముక్క చాలు గుర్రాన్ని పడగొట్టడానికి. వీలైతే తూచండి కూడా: పిల్ల బరువులో పదో వంతు, కాస్త అటూ ఇటూ ఉంటుంది. 50 కిలోల పిల్లకి ఐదారు కిలోలు. బాగా బరువుగా, మందంగా ఉంటే పిల్లకీ ఇన్ఫెక్షన్ అనుమానించాలి. డాక్టరు చూసేదాకా బకెట్‌లో మూతపెట్టి చల్లటి చోట ఉంచండి, కుక్కలకి అందకుండా.

నాకు అన్నిటికంటే భయం రక్తస్రావం. గర్భసంచికి రక్తం తెచ్చే పెద్ద ధమని తెగడం పదిహేనేళ్లు దాటి చాలా ఈతలు ఈనిన గుర్రాల్లో ఎక్కువ. రక్తం కడుపులోకే పోతుంది, బయట చుక్క కూడా కనపడకపోవచ్చు. ఒకసారి నా గుర్రం ఈనిన నాలుగో గంటలో పై పెదవి ముడుచుకుంటూ, నేల తవ్వుతూ నిలబడింది. కడుపునొప్పి అనుకుని పగ్గం పట్టుకుని నడిపించబోయాను. చెమట చల్లగా తగిలింది. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. అక్కడే ఆగిపోయాను. నడిపించి ఉంటే కట్టుకుంటున్న రక్తం గడ్డ కదిలి మళ్లీ తెగేది. అప్పటి నుంచి ఒకటే నియమం: ఈనిన గుర్రానికి కడుపునొప్పి కనిపిస్తే నడిపించే ముందు చిగుళ్లు చూస్తాను. తెల్లగా ఉంటే దీపం తగ్గించి, జనాన్ని పంపేసి, అలికిడి లేకుండా ఉంచుతాను. పిల్ల దాని కళ్లెదుటే ఉండాలి, లేకపోతే బెంబేలెత్తుతుంది. కానీ తల్లి కూలబడితే పిల్ల కింద నలగకుండా మధ్యన ఏదైనా అడ్డుండాలి. బండెక్కించాలా వద్దా అన్నది డాక్టరే తేల్చాలి. ఈ గండం మొదటి రోజే ఎక్కువ, అయితే కొన్ని రోజుల తర్వాత వచ్చినవీ ఉన్నాయి.

పిల్ల పొదుగు పట్టినప్పుడు గర్భసంచి ముడుచుకుని కొద్దిగా నొప్పి రావడం మామూలే. కాసేపటికి సర్దుకుని మేత వైపు చూస్తే చింత లేదు. నొప్పి తగ్గకపోయినా, పెరిగినా అది వేరే కథ. పెద్దపేగు మెలిపడటం ఈనిన మూడు నెలల దాకా పొంచి ఉంటుంది. నొప్పి భరించలేక గుర్రం నేల మీద పడి దొర్లుతుంది, మందులకి లొంగదు, గంటల్లో ఆపరేషన్ కావాలి. మేతను ఒక్కసారిగా పెంచకండి, పచ్చిక మీదికి కొద్దికొద్దిగా అలవాటు చేయండి. మొదటి రోజు లద్దె వేసిందో లేదో కూడా చూడండి. కింద నొప్పిగా ఉండి బిగబట్టే గుర్రాలుంటాయి, వాటికి తడిపిన మెత్తటి మేత, కావలసినన్ని నీళ్లు ఇవ్వాలి.

గర్భసంచే బయటికి జారితే, ఆవుల్లో మెయ్య దిగడం అంటాం కదా అదే, తోయడానికి ప్రయత్నించకండి. తడి దుప్పటిలో తీసుకుని, తోక మొదలు ఎత్తుకి ఇద్దరు పట్టుకుని నిలబడండి, డాక్టరు వచ్చేదాకా గుర్రాన్ని పడుకోనివ్వకండి. మానం దగ్గర చిరుగులు చూడ్డానికి భయంకరంగా ఉంటాయి, కానీ పెద్ద చిరుగులకి వెంటనే కుట్లు పనికిరావు. వాపు తగ్గాక, కొన్ని వారాలాగి చేస్తారు.

వారం పాటు పొద్దునా సాయంత్రం జ్వరం చూడండి. 38.5 దాటితే కబురు పెట్టాలి. గర్భసంచి లోపలి చిరుగు మొదటి రోజు బయటపడకుండా రెండో మూడో రోజున జ్వరంగా, మేత మానేయడంగా కనిపిస్తుంది. ఎర్రటి గోధుమరంగు స్రావం కొన్ని రోజులు సహజం. కంపు కొడితే సహజం కాదు. జ్వరం చూశాక గిట్టలు తాకండి. వేడిగా ఉండి, గిట్ట పైన వెనకవైపు నాడి గట్టిగా కొట్టుకుంటుంటే ఆ క్షణం నుంచే గిట్టల్ని మంచుగడ్డల్లో పెట్టాలి, కుంటేదాకా ఆగితే ఆలస్యమైనట్టే.

పొదుగు నిండి కారుతుంటే పిల్ల తాగడం లేదని అర్థం. పొదుగు వట్టిపోయి పిల్ల పదేపదే పొడుస్తుంటే తల్లికి ఏదో జబ్బు. పాలు బాగా ఇచ్చే గుర్రం వణుకుతూ, గుండె కొట్టుకున్నప్పుడల్లా డొక్కలు ఎగిరిపడుతుంటే కాల్షియం పడిపోయిందేమో చూడమని డాక్టరుతో చెప్పండి.

ఈనిన ఐదు నుంచి పన్నెండు రోజుల మధ్య గుర్రం మళ్లీ ఎదకొస్తుంది. కట్టించేయాలని తొందర ఉంటుంది. మాయ ఆలస్యంగా పడినా, జ్వరం వచ్చినా, చిరుగులున్నా ఆ ఎద వదిలేయండి. మూడు వారాలకి ఇంకో ఎద వస్తుంది, అప్పటికి లోపల మానిందో లేదో డాక్టరు చేయి పెట్టి చెబుతాడు.