కాలిక్యులేటర్ తప్పు చూపిస్తోందా? కొత్తది కొనే ముందు ఇవి చూడండి

పరీక్షలు దగ్గరపడితే నల్గొండలో డిప్లొమా పిల్లలు తరచూ అనే మాట, "సార్, కాలిక్యులేటర్ పాడైంది". చాలాసార్లు అది పాడవదు, సెట్టింగ్ మారి ఉంటుంది. సైంటిఫిక్ కాలిక్యులేటర్లలో నా ఓటు కాసియో 991 ఈఎస్ ప్లస్‌కే. భిన్నాలు, వర్గమూలాలు పుస్తకంలో ఉన్నట్టే కనిపిస్తాయి కాబట్టి ఎక్కడ తప్పు కొట్టామో కంటికి దొరుకుతుంది. కింది బటన్లు దానివే.

సమస్య: సైన్ 30 కొడితే 0.5 బదులు -0.988
కారణం: రేడియన్ మోడ్, అంటే కోణాన్ని డిగ్రీల్లో కాకుండా రేడియన్లలో తీసుకుంటోంది. 0.454 వస్తే గ్రేడియన్, అది కోణానికి మరో కొలమానం.
పరిష్కారం: షిఫ్ట్, మోడ్, 3. స్క్రీన్ పైన చిన్న 'డి' అక్షరం కనిపించాలి. సర్వేయింగ్ లెక్కలు మొదలుపెట్టే ముందు ఇది తప్పకుండా చూసుకోండి.

సమస్య: జవాబు సరిగ్గా పది రెట్లు ఎక్కువ
కారణం: పది ఘాతం బటన్‌ను (×10ˣ) అపార్థం చేసుకోవడం. నాగార్జునసాగర్ 590 అడుగులకు నిండితే దాదాపు 312 టీఎంసీల నీళ్లు. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, అంటే 10⁹. చాలామంది 312, ఇంటూ, 10 కొట్టి, ఆ తర్వాత ఘాతం బటన్, 9 కొడతారు. ఆ బటన్‌లోనే "ఇంటూ పది" ఉంది. అందుకే 3.12×10¹² వస్తుంది, సాగర్‌లో 3,120 టీఎంసీలు ఉన్నట్టు!
పరిష్కారం: 312, ఘాతం బటన్, 9. అంతే. 3.12×10¹¹ వస్తుంది. దాన్ని మామూలు అంకెల్లో చూపించమంటే కుదరదు, స్క్రీన్‌లో పట్టేది పది అంకెలే. పాత ఎంఎస్ మోడల్‌లో ఈ బటన్ మీద ఎక్స్‌ప్ అని ఉంటుంది, పని ఒకటే.

సమస్య: 1÷200ను దశాంశంలో చూస్తే 5×10⁻³
కారణం: నార్మ్ 1 అనే డిస్‌ప్లే సెట్టింగ్. 0.01 కంటే చిన్న సంఖ్యలను అది ఘాతంలోనే చూపిస్తుంది. కంగారులో ఉత్త 5 రాసేసి మార్కులు పోగొట్టుకునేవాళ్లున్నారు.
పరిష్కారం: షిఫ్ట్, మోడ్, 8, 2. ఇక 0.005 అనే చూపిస్తుంది.

సమస్య: మైనస్ 2 స్క్వేర్‌కు కాలిక్యులేటర్ -4 అంటుంది, ఎక్సెల్ 4 అంటుంది
కారణం: కాలిక్యులేటర్ ముందు వర్గం చేసి తర్వాత మైనస్ పెడుతుంది, ఎక్సెల్ మైనస్‌నే ముందు తీసుకుంటుంది.
పరిష్కారం: రెండింటిలోనూ బ్రాకెట్లు పెట్టండి.

సమస్య: ఎక్సెల్‌లో ఆధార్ నంబర్ 2.34568ఈ+11 అయింది
కారణం: పన్నెండు అంకెలు దాటగానే కాదు, పన్నెండుకే ఎక్సెల్ ఘాతంలోకి మారుతుంది. ఆ 'ఈ' అంటే "ఇంటూ పది ఘాతం".
పరిష్కారం: సెల్ ఫార్మాట్‌లో నంబర్ ఎంచుకుని దశాంశాలు సున్నా చేస్తే అంకెలన్నీ తిరిగి కనిపిస్తాయి. అలా మార్చకుండా సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన టెక్స్ట్ ఫైల్‌గా) సేవ్ చేస్తే మాత్రం ఆ కుదించిన రూపమే ఫైల్‌లోకి వెళ్తుంది. బ్యాంక్ ఖాతా నంబర్లతో ఇంకా జాగ్రత్త: ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి, 15 దాటిన అంకెలు సున్నాలైపోతాయి, అవి ఫార్మాట్ మార్చినా తిరిగి రావు. అందుకే టైప్ చేయకముందే ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా మార్చాలి.