ఉద్యోగానికి సీవీ, కవర్ లెటర్ ఎలా రాయాలి?

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో చదువు ముగించిన చాలామందికి మొదటి సీవీ నెట్ సెంటర్‌లోనే తయారవుతుంది. అక్కడి కంప్యూటర్‌లో ఉన్న ఎవరిదో పాత ఫైలు తెరిచి, పేరు, మార్కులు, ఫోన్ నంబరు మార్చి ప్రింటు ఇస్తారు. ఆ కాగితమే శ్రీసిటీలోని కర్మాగారానికీ, తిరుపతిలోని ఆసుపత్రికీ, చిత్తూరు దగ్గరి మామిడి గుజ్జు పరిశ్రమకూ వెళ్తుంది. ఈ మూడు చోట్లా వెతికే మనిషి ఒక్కరు కారు కాబట్టి, సీవీ రాయడం పాత ఫైలుతో కాక ఉద్యోగ ప్రకటనతో మొదలుపెట్టాలి.

మొదటి మెట్టు: ప్రకటనను విడదీసి చదవడం

ప్రకటనను ఒక కాగితం మీద ఎడమవైపు రాసుకుని, అందులో తప్పనిసరి అర్హతలేవో, ఉంటే మంచిది అన్నవేవో, చేయవలసిన పనులేవో విడివిడిగా గుర్తించాలి. ఉదాహరణకు గుజ్జు పరిశ్రమలో అకౌంట్స్ అసిస్టెంట్ ఉద్యోగానికి బీకాం, ట్యాలీ (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్), జీఎస్టీ రిటర్నుల అవగాహన, మామిడి సీజన్‌లో అదనపు గంటలు పనిచేయడానికి సిద్ధపడటం అని ఉందనుకుందాం. కుడివైపు ఒక్కోదానికి ఎదురుగా మీరు నిజంగా చేసిన పని ఏదో రాయాలి. తప్పనిసరి అన్న వాటికి ఎదురుగా ఖాళీలే ఎక్కువగా మిగిలితే ఆ ఉద్యోగాన్ని వదిలేయడం మేలు. ఉంటే మంచిది అన్న వాటిలో ఒకటి రెండు లేకపోయినా వెనకాడనవసరం లేదు.

రెండో మెట్టు: సీవీ

కొత్తగా చదువు ముగించిన వారికి ఒక పేజీ, అనుభవం ఉన్నవారికి రెండు పేజీలు చాలు. విశ్వవిద్యాలయాల్లో, ఐఐటీ, ఐసర్ వంటి సంస్థల్లో బోధన, పరిశోధన ఉద్యోగాలకు మాత్రం ప్రచురణలు, సదస్సులు అన్నీ చేర్చిన పొడవైన సీవీ కావాలి.

పేరు పదో తరగతి సర్టిఫికెట్‌లో ఎలా ఉందో అలాగే రాయాలి; ఇంటిపేరు ఒకచోట ముందు, మరొకచోట వెనక ఉంటే తర్వాత సర్టిఫికెట్లు సరిచూసేటప్పుడు చిక్కులు వస్తాయి. దాని కింద ఫోన్ నంబరు, ఈమెయిల్, ఊరు ఉంటే సరిపోతుంది. తండ్రి పేరు, మతం, కులం, వివాహ వివరాలు, ఆధార్ నంబరు ప్రైవేటు ఉద్యోగానికి పంపే సీవీలో అక్కరలేదు. ప్రభుత్వ ఉద్యోగాలకు వాటి దరఖాస్తు ఫారమే వేరుగా ఉంటుంది, రిజర్వేషన్ వివరాలు అందులో అడుగుతారు.

‘సవాళ్లతో కూడిన వాతావరణంలో నా నైపుణ్యాలను పెంచుకోవడమే లక్ష్యం’ అనే వాక్యాన్ని తీసివేయండి. వేలాది సీవీల్లో అదే ఉంటుంది, పైగా అది మీకేం కావాలో చెబుతుంది తప్ప వారికి మీరేం చేయగలరో చెప్పదు. ఆ స్థానంలో మీ చదువు, చేతనైన పని, ఏ ఉద్యోగం కోరుతున్నారో రెండు వాక్యాల్లో చెప్పాలి.

సీవీకి ప్రాణం అనుభవం రాసే భాగంలోనే ఉంటుంది. ‘అకౌంట్స్ పనులు చూసుకున్నాను’ అంటే చదివేవారికి ఏమీ తెలియదు. ‘ఆడిటర్ ఆఫీసులో ఆరు నెలలు పనిచేస్తూ, పన్నెండు దుకాణాల అమ్మకాల బిల్లులను ట్యాలీలో నమోదు చేసి, జీఎస్టీఆర్-1, జీఎస్టీఆర్-3బీ రిటర్నులకు కావలసిన లెక్కలు సిద్ధం చేశాను’ అంటే ఎంత పని, ఏ పరికరంతో, ఎందుకోసం చేశారో ఒక్క చూపులో అర్థమవుతుంది. అనుభవం లేదని దిగులుపడే ఫ్రెషర్లు కూడా తాము చేసిన పనిని తక్కువగా చూస్తుంటారు. ఊళ్లోని పాల సేకరణ కేంద్రంలో సాయంత్రం పూట కొవ్వు శాతం పరీక్షించి రైతుల ఖాతాలు రాసినవారికి డెయిరీలో నాణ్యత విభాగానికి పనికొచ్చే అనుభవం ఉన్నట్లే. తిరుమలలో శ్రీవారి సేవకు వెళ్లి, అన్నప్రసాదం దగ్గరో క్యూ కాంప్లెక్సులోనో రద్దీని చూసుకున్నవారు హోటల్ రిసెప్షన్ ఉద్యోగానికి దాన్ని నిస్సంకోచంగా రాయవచ్చు. అయితే ‘సేవ చేశాను’ అని ఆపకుండా, ఏ పని, ఎన్ని రోజులు అన్నది చెప్పాలి.

భాషల గడిని మన జిల్లాలవారు తేలిగ్గా తీసుకుంటారు. తమిళనాడు, కర్ణాటక సరిహద్దున పెరిగి ఇంట్లో తెలుగు, వీధిలో తమిళమో కన్నడమో మాట్లాడేవారు కూడా ‘తెలుగు, ఇంగ్లీషు’ అని రాసి ఊరుకుంటారు. చెన్నైకి దగ్గరలో ఉన్న శ్రీసిటీలో గానీ, మూడు రాష్ట్రాల రోగులు వచ్చే ఆసుపత్రిలో గానీ తమిళం మాట్లాడగలగడం పనికొచ్చే అర్హత. మాట్లాడటం మాత్రమే వచ్చా, చదవడం కూడా వచ్చా అన్నది నిజాయతీగా చెప్పాలి.

చదువును చివరిదానితో మొదలుపెట్టి వెనక్కి రాయాలి. మధ్యలో ఏడాది ఖాళీ ఉంటే కారణాన్ని ఒక్క పంక్తిలో చెప్పాలి. తేదీలు దాచిన సీవీ అనుమానాన్నే పెంచుతుంది. దొంగ అనుభవ పత్రాల జోలికి వెళ్లవద్దు, ఎందుకంటే చాలా సంస్థలు పాత యజమానిని అడిగి, పీఎఫ్ వివరాలను చూసి నిర్ధారించుకుంటాయి.

పెద్ద సంస్థల్లో సీవీని మనిషికంటే ముందు సాఫ్ట్‌వేర్ చదవవచ్చు. రెండు నిలువు వరుసలు, పెట్టెలు, బొమ్మలో ఇమిడిన అక్షరాలు దానికి సరిగా అందకపోవచ్చు కనుక సాదా అమరిక మంచిది. ప్రకటనలో వాడిన మాటలు, అవి మీకు వర్తించినంతవరకు, మీ సీవీలోనూ కనిపించాలి.

మూడో మెట్టు: కవర్ లెటర్

సీవీ చేసిన పనుల్ని చెబుతుంది. ఈ ఉద్యోగానికి మీరే ఎందుకు అన్నది కవర్ లెటర్ చెప్పాలి. ఈమెయిల్‌లో పంపేటప్పుడు మెయిలే లెటర్ అవుతుంది, మూడు చిన్న పేరాలు మించనవసరం లేదు. సంబోధన దగ్గర ‘రెస్పెక్టెడ్ సర్’ అని అలవాటుగా రాసేస్తాం గానీ, హెచ్‌ఆర్ కుర్చీలో మేడం ఉండవచ్చు; ప్రకటనలో పేరుంటే పేరుతో, లేకుంటే ఇద్దరికీ వర్తించేలా రాయాలి. ‘విశ్వసనీయ వర్గాల ద్వారా మీ సంస్థలో ఖాళీలున్నట్లు తెలిసింది’ అనే పాత ప్రారంభం కూడా వద్దు. ఆ ఖాళీని ప్రకటించింది వాళ్లే కదా!

ముందు చెప్పుకున్న ఉద్యోగానికి లెటర్ ఇలా సాగవచ్చు:

‘మీరు ప్రకటించిన అకౌంట్స్ అసిస్టెంట్ ఉద్యోగానికి దరఖాస్తు చేస్తున్నాను. బీకాం తర్వాత ఆడిటర్ ఆఫీసులో ఆరు నెలలు పన్నెండు దుకాణాల లెక్కలు ట్యాలీలో నిర్వహించాను. మాది మామిడి రైతు కుటుంబం. తోతాపురి కాయ ఫ్యాక్టరీకి తోలేటప్పుడు తూకం చీటీలు, రైతుల చెల్లింపుల లెక్కలు ఎలా నడుస్తాయో దగ్గరగా చూశాను. సీజన్‌లో రాత్రి షిఫ్టులోనూ పనిచేయగలను. ఎంపికైతే పదిహేను రోజుల్లో చేరగలను.’

ఇందులో పొగడ్త లేదు, బతిమాలడం లేదు. రైతు కుటుంబం అన్న మాట సానుభూతి కోసం రాలేదు, పనితో సంబంధం ఉంది కనుక వచ్చింది. ఇంటి కష్టాలు ఎంత నిజమైనా లెటర్‌లో వాటికి చోటివ్వకూడదు. శ్రీసిటీ ఉద్యోగమైతే తిరుపతి నుంచి రోజూ వచ్చి వెళ్తారా, తడలోనో సూళ్లూరుపేటలోనో ఉంటారా అన్నది ఒక వాక్యంలో చెబితే అవతలివారి సందేహం తీరుతుంది. జీతం సంగతి వారు అడిగితేనే రాయాలి.

లెటర్ ఇంగ్లీషులో పంపవలసి వస్తే, చెప్పదలచుకున్నది ముందు తెలుగులో రాసుకుని, తర్వాత చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాల్లో పెట్టాలి. చాట్‌జీపీటీ వంటివాటితో వ్యాకరణం సరిచేయించుకోవడంలో తప్పులేదు. కానీ అవి చేర్చే గొప్ప మాటల్లో మీరు ఇంటర్వ్యూలో వివరించలేని దాన్ని దేన్నీ ఉంచకూడదు.

పంపే ముందు

సీవీని పీడీఎఫ్‌గా మార్చి, ఫైలుకు మీ పేరు, ఉద్యోగం పేరు పెట్టాలి. మెయిల్ సబ్జెక్టులోనూ అవే ఉండాలి. కిందటిసారి పంపిన సంస్థ పేరు లెటర్‌లో అలాగే మిగిలిపోయిందేమో చూసి, ఫోన్ నంబరును అంకె అంకెగా సరిచూసి, వీలైతే మరొకరితో చదివించాలి. రిజిస్ట్రేషన్ పేరిటో శిక్షణ పేరిటో ముందుగా డబ్బు కట్టమంటే అక్కడితో ఆగిపోవాలి.

పంపిన లెటర్‌నూ, సీవీనీ, ప్రకటననూ ఒకే ఫోల్డర్‌లో దాచుకోండి. వారాల తర్వాత ఇంటర్వ్యూకి పిలుపు వచ్చేసరికి ప్రకటన వెబ్‌సైట్‌లో ఉండకపోవచ్చు, అవతలివారి ముందు మాత్రం మీరు రాసి పంపిన ప్రతి వాక్యమూ ఉంటుంది.