ఏ బాధకు ఏ థెరపీ? ముందు పద్ధతి అడగండి

అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ఈ రెండూ అడగండి: "మీరు ఏ పద్ధతిలో చేస్తారు? సుమారుగా ఎన్ని సెషన్లు పడతాయి?" సూటిగా జవాబు రాకపోతే ఇంకొకరిని చూసుకోవడం మేలు. క్లినికల్ సైకాలజిస్ట్ అని చెప్పుకునేవారికి ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉండాలి. నంబరు అడగడానికి మొహమాటపడకండి.

అయినవాళ్లు పోయిన దుఃఖానికి, ఎటూ తేల్చుకోలేని సందిగ్ధానికి అమెరికన్ సైకాలజిస్ట్ కార్ల్ రోజర్స్ పద్ధతి చాలామందికి సరిపోతుంది. మీరు చెప్పేది శ్రద్ధగా వినడమే ఇందులో ముఖ్యం. అందులో సలహాలుండవు, తప్పొప్పులు ఎంచడం ఉండదు. డిప్రెషన్‌కి, పానిక్‌కి సీబీటీ (ఆలోచనల్ని, అలవాట్లను మార్చుకోవడం నేర్పే థెరపీ) మంచిది. తనను తాను గాయపరచుకునేంత ఉద్వేగం పదేపదే వస్తుంటే డీబీటీ (ఉద్వేగాలను తట్టుకుని అదుపులో పెట్టుకోవడం నేర్పే థెరపీ) తెలిసినవారు కావాలి.

ఎక్కువ పొరపాట్లు జరిగేది ఓసీడీ (వద్దన్నా వచ్చే భయపు ఆలోచనలు, వాటిని తగ్గించుకోవడానికి పదేపదే ఒకే పని చేయడం) దగ్గరే. ఏళ్లపాటు ఓదార్పు మాటలు విన్నా ఇది తగ్గదు. దీనికి కావలసింది ఈఆర్‌పీ (ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్). భయపెట్టేదాన్ని కావాలని ఎదుర్కొని, ఆ తర్వాత చేసే తంతును ఆపడం ఇందులో అసలు పని.

చేతులు అదేపనిగా కడుక్కునేవారి సంగతే చూద్దాం. థెరపిస్టుతో కూర్చుని భయాలకు 0 నుంచి 100 దాకా అంకెలు వేస్తారు: గేటు గొళ్లెం 35, బస్సు కడ్డీ 60, చెత్తబుట్ట మూత 90. మొదలుపెట్టేది గొళ్లెంతో. అరచేత్తో గట్టిగా పట్టుకుని, చేతులు కడగకుండా కూర్చుని, 5 నిమిషాలకోసారి భయం ఎంతుందో రాయాలి. అంకె తగ్గితే సరే. తగ్గకపోయినా కడగకుండా ఉండగలిగితే ఆ రోజు పని అయినట్టే. భయాన్ని భరించగలనని, అనుకున్న కీడు జరగలేదని మెదడుకు తెలియాలి. రోజూ అదే మెట్టు చేసి, అది తేలికయ్యాకే పై మెట్టుకి వెళ్లాలి. ఏకంగా 90తో మొదలుపెడితే మధ్యలోనే మానేస్తారు.

చాటుగా శానిటైజర్ రాసుకున్నా, మనసులో లెక్కపెట్టి జపం చేసుకున్నా కడుక్కున్నట్టే లెక్క. "ఏం కాదులేరా" అని అమ్మ ధైర్యం చెప్పడం కూడా అంతే. కాసేపు ఊరటనిచ్చినా, మళ్లీ అడగాలనిపించేలా చేస్తుంది. అందుకే ఇంట్లోవాళ్లను ఒక సెషన్‌కైనా పిలవాలి. ఏమనాలో ముందే ఒప్పందం కుదుర్చుకోవాలి: "దానికి జవాబు చెప్పను నాన్నా, నీ పక్కనే కూర్చుంటాను."

రోజుకు ఎన్ని నిమిషాలు కడుగుతున్నారో మొదటి వారం నుంచే రాసిపెట్టండి. 8 సెషన్లయినా ఆ సంఖ్య కదలకపోతే థెరపిస్టుతోనే మాట్లాడి, మందుల కోసం సైకియాట్రిస్టును కలవండి. చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే మాత్రం అన్నాళ్లు ఆగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి వెంటనే ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.