ప్రోటాన్ ద్రవ్యరాశి, 4వ పాఠం: బంధన శక్తి దగ్గర బోల్తా

పోయిన పాఠం చివరి కూడిక చాలామందిని టెన్షన్ పెట్టినట్టుంది. ప్రోటాన్ లోపలి చిన్న కణాలైన క్వార్కుల ద్రవ్యరాశులు కలపమన్నాను. రెండు అప్ క్వార్కులు, ఒక డౌన్ క్వార్కు: 2.2 + 2.2 + 4.7 = 9.1. ప్రోటాన్ చూస్తే 938.3. మీ లెక్క తప్పలేదు. మూల కణాలకు ద్రవ్యరాశినిచ్చే హిగ్స్ క్షేత్రం ఆ మూడింటికీ ఇచ్చేది అంతే, సుమారు ఒక శాతం. (అన్నీ ఎంఈవీల్లోనే, అంటే మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల్లో. కిలోగ్రాముల్లోకి మార్చి ఘాతాలతో కుస్తీ పట్టినవాళ్లు దయచేసి ఆ పని మానేయండి.)

అసలు చిక్కు రెండో ప్రశ్న దగ్గర వచ్చింది. మిగతా 929 ఎక్కడిదంటే దాదాపు అందరూ 'బంధన శక్తి' (కలిసున్న భాగాలను విడదీయడానికి పెట్టాల్సిన శక్తి) అని రాసేశారు. పుస్తకాల్లోనూ ఈ మాట కనిపిస్తుంది. చూసినప్పుడల్లా నాకు చిరాకే.

బంధన శక్తి ద్రవ్యరాశిని తగ్గిస్తుంది, పెంచదు. ఒక ప్రోటాన్, ఒక న్యూట్రాన్ కలిసిన కేంద్రకం డ్యూటెరాన్‌నే తీసుకోండి. ప్రోటాన్ 938.272, న్యూట్రాన్ 939.565, కలిపితే 1877.837. డ్యూటెరాన్ ద్రవ్యరాశి 1875.613 మాత్రమే. 2.224 తరుగు. వాటిని విడదీయాలంటే అంత శక్తీ మనమే పెట్టాలి. హీలియం కేంద్రకంలో తరుగు 28.3. హైడ్రోజన్ పరమాణువు కూడా తన ప్రోటాన్, ఎలక్ట్రాన్‌ల మొత్తం కన్నా 13.6 ఎలక్ట్రాన్ వోల్టులు తక్కువే. ఇన్నిచోట్ల తగ్గించినది ప్రోటాన్ దగ్గరకొచ్చి 9ని 938 చేస్తుందా? పైగా ఇక్కడ 'విడదీస్తే' అనే మాటే చెల్లదు. క్వార్కును బయటికి లాగితే, లాగడానికి పెట్టిన శక్తితో కొత్త క్వార్కు, ప్రతిక్వార్కు జంట పుడుతుంది. చేతికి మెసాన్ (క్వార్కు, ప్రతిక్వార్కు కలిసిన కణం) వస్తుంది గానీ ఒంటరి క్వార్కు రాదు. విడి భాగాలే దొరకనప్పుడు తరుగు దేనితో పోల్చి చూస్తాం?

కాబట్టి జవాబు ఇలా రాయండి: లోపలి క్వార్కుల కదలిక శక్తి, క్వార్కులను కట్టి ఉంచే గ్లూవాన్ క్షేత్రపు శక్తి.

కాంతి వేగాన్ని 1 అనుకుంటే, మొత్తం శక్తి వర్గంలోంచి మొత్తం ద్రవ్యవేగం వర్గం తీసేస్తే ద్రవ్యరాశి వర్గం వస్తుంది. 'మొత్తం' అన్నది వదలకండి. 469 ఎంఈవీల ఫోటాన్లు రెండు ఎదురెదురు దిశల్లో పోతున్నాయనుకోండి. ద్రవ్యవేగాలు రద్దవుతాయి, శక్తులు కలుస్తాయి. విడిగా ద్రవ్యరాశి లేని ఆ రెండింటి జంట ద్రవ్యరాశి 938!

ఇక నా అడ్డదారి. ప్రోటాన్ వ్యాసార్ధం 0.84 ఫెర్మీ (ఒక ఫెర్మీ అంటే 10⁻¹⁵ మీటర్లు). అంత ఇరుకులో ఉన్న క్వార్కుకు అనిశ్చితత్వ సూత్రం (చోటు ఎంత ఇరుకైతే ద్రవ్యవేగం అంత ఎక్కువ) ప్రకారం ద్రవ్యవేగం సుమారు 197 ÷ 0.84, అంటే 235. (197 అన్నది తగ్గించిన ప్లాంక్ స్థిరాంకం, కాంతి వేగాల లబ్ధం, ఎంఈవీ-ఫెర్మీల్లో.) దాని ముందు క్వార్కుల సొంత ద్రవ్యరాశులు 2, 5 లెక్కలోకి రావు. మూడు క్వార్కులకు 705. దీన్ని వాటాల లెక్కగా మాత్రం పట్టుకోకండి, సంఖ్య ఏ స్థాయిదో తెలుసుకోడానికే. అసలు లెక్క స్థలకాలాన్ని జాలకంగా కోసి సూపర్ కంప్యూటర్ల మీద చేస్తారు. 2008లో ఒక యూరప్ బృందానికి 936 వచ్చింది, కొన్ని పదుల అటూ ఇటూగా. వాటాలు వచ్చే పాఠంలో.

అభ్యాసం:

1. పై ఫోటాన్ల దిశల మధ్య కోణం 60 డిగ్రీలైతే జంట ద్రవ్యరాశి ఎంత? 938 అని రాసినవాళ్లు పై పేరా మళ్లీ చదవాలి.

2. న్యూట్రాన్‌లో ఒక అప్, రెండు డౌన్‌లు. క్వార్కుల ద్రవ్యరాశుల తేడా 2.5, న్యూట్రాన్, ప్రోటాన్‌ల తేడా 1.293. మిగతా 1.2 ఎటు పోయింది? ప్రోటాన్‌కు విద్యుదావేశం ఉందన్నది ఒక్కటే క్లూ.